అమ్మ పళ్లు

మా అమ్మ ఎక్కడుందో చప్పుడును బట్టి తెలిసేది మాకు. వేయించి పైతొక్క ఊడదీసిన చింతపిక్కల్ని చెంగులో ముడేసుకుని పసుపు చేలో కలుపు తీసేది. మధ్య మధ్య ఒక్కో పిక్కా నోట్లో వేసుకుని కటుక్కుమనిపించేది. ఏ సాలులో కటుక్కుమంటే ఆ సాలులో అమ్మ ఉన్నట్టు. కాల్చిన మొక్కజొన్న పొత్తు గానీ, పనస పిక్క గానీ, నిప్పుల మీద వేసిన ఎండుచేప గానీ, అమ్మ పళ్ల కింద నలగనిది లేదు. ఇప్పుడు ఆ చింతపిక్కల్నే మేము రోట్లో దంచి పిండి చేసి ఇస్తున్నాం.

మేము ముగ్గురం, ఒక తల్లి పిల్లలం. పాడేరు అవతల కొండదొరల ఊరు మాది, ముప్పై గడప ఉంటుంది. మాలో పెద్దది ఆశా కార్యకర్త. నడిమిది ఆశ్రమ పాఠశాలలో టీచరు. చిన్నవాడు కాఫీ, మిరియం, పసుపు చూసుకుంటూ అమ్మ దగ్గరే ఉన్నాడు. ముగ్గురం పొయ్యి దగ్గర కూర్చుని, ఒకరు చెప్తుంటే ఇంకొకరు దిద్దుతూ రాసిన మాటలివి. అందుకే 'మేము' అంటున్నాం. జరిగినదాంట్లో ఎవరి తప్పు ఎంతో విడదీసి చూసుకోవడం కూడా మాకు చేతకాలేదు.

అమ్మకి ఎడమ రొమ్ములో గడ్డ వచ్చింది. గెడ్డలో స్నానం చేస్తుంటే చేతికి తగిలిందట. రెండు వానాకాలాలు ఎవరికీ చెప్పలేదు. ఇంట్లో ఆశా కార్యకర్తను పెట్టుకుని చెప్పలేదు. ఇక్కడొక మాట రాయాలి. మా ఊళ్లో తల్లులు పదిమంది మధ్య మామిడి చెట్టు కింద కూర్చుని బిడ్డకి పాలిస్తారు. ఎవరికీ సిగ్గు లేదు, ఎవరూ చూపు తిప్పుకోరు. అదే రొమ్ముకి జబ్బు చేస్తే మాత్రం దాని పేరు ఎత్తరు. 'ఆ జబ్బు' అంటారు. 'పైన బాగోలేదు' అంటారు. బిడ్డకి పట్టినప్పుడు లేని సిగ్గు జబ్బుకి ఎక్కడినుంచి వచ్చిందో మాకు తెలియదు గానీ, అది మా ఇంట్లోనూ ఉంది. మేమూ 'ఆ జబ్బు' అనే అన్నాం.

విశాఖపట్నంలో పెద్దాసుపత్రిలో ఆపరేషన్ అయింది. ఆరోగ్యశ్రీ కార్డు మీద అయింది, బాగా చేశారు. తర్వాత కీమో, మూడు వారాలకొకసారి, మొత్తం ఎనిమిది సార్లు. ఘాట్ రోడ్డు మీద నూరు కిలోమీటర్ల పైన ప్రయాణం. వెళ్లేటప్పుడు భయంతో, వచ్చేటప్పుడు మందుతో వాంతులు. జుట్టు పోయింది. నోరంతా పుండ్లు లేచాయి. కీమో మందు తొందరగా పెరిగే కణాల్ని చంపుతుందనీ, నోటి లోపలి పొర కూడా అలా తొందరగా పెరిగేదే కాబట్టి దానికీ దెబ్బ తగులుతుందనీ నర్సమ్మ చెప్పింది. చల్లారిన చోడి అంబలి తప్ప ఏమీ దిగేది కాదు. కీమో అయిపోయాక ఆ పుండ్లు వాటంతటవే మానిపోయాయి. దాంతో మేమొక తప్పు పాఠం నేర్చుకున్నాం. నోటికి వచ్చింది నోటితోనే పోతుంది అని.

ఆ తర్వాత మొదలయ్యాయి అసలు మందులు. లెట్రోజోల్ అని రోజుకొక చిన్న మాత్ర, అయిదేళ్లు మింగాలి. ముట్టు ఆగిపోయిన ఆడమనిషి ఒంట్లో కూడా ఈస్ట్రోజెన్ అనే హార్మోను కొంచెం కొంచెం తయారవుతూనే ఉంటుందట. అమ్మకి వచ్చిన రకం గడ్డ దాన్ని తినే పెరుగుతుంది. మాత్ర ఆ తయారీని ఆపుతుంది. గడ్డకి తిండి లేకుండా చేయడమన్నమాట. కానీ ఎముకలకి బలం ఇచ్చేదీ ఆ హార్మోనే. అది తగ్గితే ఎముక గుల్లబారుతుంది. అందుకని ఆరు నెలలకొకసారి సెలైన్‌లో కలిపి జోలెడ్రోనిక్ ఆసిడ్ అనే ఇంజెక్షన్ ఎక్కించారు. మేము దాన్ని 'ఎముకల సూది' అని పిలుచుకునేవాళ్లం. ఆ సూది రోజు రాత్రి జ్వరం వస్తుందని, కీళ్లు లాగుతాయని, కాల్షియం మాత్రలు మానొద్దని చెప్పారు. పళ్ల సంగతి చెప్పారా అంటే, చెప్పలేదు. కాగితం మీద మాత్రం ఉంది. చాలా తర్వాత చూసుకున్నాం. చివరి పేజీలో, ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో.

మూడో సూది అయిన రెండు నెలలకి అమ్మ నోరు ఎండిపోతోందని అనడం మొదలుపెట్టింది. రాత్రి రెండు మూడుసార్లు లేచి చెంబెత్తేది. పందుంపుల్ల నమిలితే చిగురు నుంచి నెత్తురు కనబడేది. కింది వరసలో కుడివైపు దవడ పన్ను కదలడం మొదలైంది.

ఊళ్లో ఎవరికి తోచింది వాళ్లు చెప్పారు. అడ్డపొగ వల్ల అన్నారు. మా అమ్మ మా వైపు చాలామంది ఆడవాళ్లలాగే చుట్టని నిప్పు లోపలికి పెట్టి తాగుతుంది. దానివల్ల నోటికి చేటని మా పెద్దదే ఊరందరికీ చెప్తుంది, ఒక్క ఇంట్లో తప్ప. గ్రామదేవతకి మొక్కు మిగిలిందన్నారు ఇంకొకరు. మాత్రల వేడి అన్నారు. "మా యమ్మ ఎనబై ఏళ్లు అడ్డపొగ తాగినాది. ఒక్క పన్ను రాల్లేదు. మరి నా పళ్లు ఎవులు తిన్నారర్రా?" అని అమ్మ అడిగేది. నవ్వుతూనే అడిగేది మొదట్లో.

పుష్యమాసంలో నొప్పి ఎక్కువై చెంప వాచింది. మేము అమ్మని దగ్గరి పట్నంలో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాం. ముగ్గురమూ వెళ్లాం, సంతకి వెళ్లినట్టు. క్యాన్సర్ ఆసుపత్రి కాగితాలన్నీ ఒక ప్లాస్టిక్ సంచిలో గోడకి వేలాడుతున్నాయి. బయల్దేరేటప్పుడు చిన్నవాడు దాన్ని చేతిలోకి తీసుకున్నాడు కూడా. "పంటికి అవెందుకురా" అని మిగతా ఇద్దరం అన్నాం. మళ్లీ మేకుకి తగిలించాడు.

ఆ డాక్టరు మంచివాడే. కుర్రవాడు, మర్యాదగా మాట్లాడాడు. "షుగర్ ఉందామ్మా? బీపీ ఉందా? గుండె జబ్బేమైనా?" అని అడిగాడు. లేదు, లేదు, లేదు. "మందులేమైనా వాడుతున్నారా?" అన్నాడు. అప్పుడు అమ్మ మా పెద్దదాని చెయ్యి గట్టిగా నొక్కింది. పరాయి మగవాడు, పైగా ఆ గదిలో ఇంకో ఇద్దరు కూర్చుని ఉన్నారు. మేము "కాల్షియం మాత్రలు" అన్నాం. అది అబద్ధం కాదు, నిజమూ కాదు. పన్ను పీకేశాడు. పావుగంట పని. దూది కొరికిపట్టుకుని అమ్మ జీపెక్కింది.

పీకిన చోటు వారానికి పూడాలి. పూడలేదు. నెలకీ పూడలేదు. ఉప్పునీళ్లు పుక్కిలించింది, పసుపు అద్దింది, లవంగం పెట్టింది. చిన్నవాడు సెల్‌ఫోను లైటు వేసి చూస్తే గుంటలో తెల్లగా ఏదో కనబడింది. మిగిలిపోయిన పంటి ముక్క అనుకున్నాం. అమ్మ నాలుక ఎప్పుడూ అక్కడికే పోయేది. "గరుగ్గా తగుల్తంది, ఇసకరాయి లాగ" అనేది. తర్వాత వాసన మొదలైంది. అమ్మ మాతో కలిసి తినడం మానేసింది. అడ్డాకు తీసుకుని గోడవైపు తిరిగి కూర్చునేది.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లు వేటకెళ్తే ఊళ్లో పాటలూ ధింసా ఆడవాళ్లవే. పాట ఎత్తుకోవడానికి అందరూ మా అమ్మ కోసమే చూస్తారు. ఆ ఏడు అమ్మ చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వరస చివర నిలబడింది. పాట ఎత్తలేదు. ఎవరో వచ్చి అడిగితే జ్వరం అంది. క్యాన్సర్ వచ్చినప్పుడు కూడా అమ్మ అలా చివర నిలబడలేదు.

పండగయ్యాక ఇల్లు అలుకుతుంటే సామల కుండ వెనకాల దొరికాయి మాత్రల అట్టలు. లెక్కపెట్టాం. నలభై రోజులవి, ఒక్కటీ విప్పలేదు. మాకు కాళ్లు ఆడలేదు. రొమ్ము తీసేశారు, జుట్టు పోయింది, ఎనిమిది సార్లు ఘాట్ రోడ్డు దిగి ఎక్కింది. అదంతా ఎందుకు చేశామో దాన్ని నిలబెట్టేది ఆ చిన్న మాత్రే. మేము అరిచాం. సిగ్గుపడి రాస్తున్నాం, పెద్దమనిషి మీద ముగ్గురం కలిసి అరిచాం. అమ్మ అలుకుగుడ్డ పక్కన పెట్టి తాపీగా చెప్పింది. "ఆ మందు ఎదని కాస్తంది, నోటిని తింటంది. పళ్లు పోతే నానేటి తిని బతకాల? బతికేది తినడానికే గదర్రా."

దానికి జవాబు మా దగ్గర లేదు. పట్నంవాళ్లకి పన్ను పోతే కట్టుడు పన్ను ఉంది, మెత్తగా వండిపెట్టే అన్నం ఉంది. మా తిండి నమిలే తిండి. టెంక అంబలి తప్ప మిగతాదంతా పంటికి పని చెప్పేదే. మనిషి ముసలైందని మా ఊళ్లో వయసును బట్టి అనరు, కొరకలేకపోతే అంటారు.

వైశాఖంలో మళ్లీ విశాఖ దిగాం. ఈసారి పళ్ల ఆసుపత్రికి. ఈసారి సంచి తీసుకెళ్లాం, కానీ సంచి విప్పకముందే పని జరిగింది. లేడీ డాక్టరు, మా నడిమిదాని వయసుంటుంది. లైటు వేసి ఒక్కసారి చూసి, అద్దం పక్కన పెట్టేసి, "అమ్మా, ఎముకలకి సూదేమైనా వేశారా మీకు?" అని అడిగింది. అమ్మ మా వైపు చూసింది. మేము అమ్మ వైపు చూశాం. ఎవరు ముందన్నారో గుర్తు లేదు. "రొమ్ము క్యాన్సర్ అండీ" అన్నాం. ఆ మాట మా నోటినుంచి అదే మొదటిసారి రావడం.

గుంటలో తెల్లగా కనిపించింది పన్ను కాదు. అమ్మ దవడ ఎముక.

ఆవిడ చెప్పిన తీరు మాకు అర్థమైన మట్టుకు ఇది. ఎముక అంటే రాయి కాదు. రోజూ పాతది కొంత కరుగుతూ కొత్తది కొంత పడుతూ ఉంటుంది. మట్టిగోడని ఏటా గీకి మళ్లీ మెత్తినట్టు. ఎముకల సూది ఆ కరిగించే పనిని ఆపుతుంది. వెన్నెముకకి, తుంటికి అది మేలు. దవడ సంగతి వేరు. ఒంట్లో మిగతా ఎముకల కన్నా దవడకి పని ఎక్కువ, దానిమీద కప్పు మాత్రం పలచటి చిగురే, చుట్టూ నోటి క్రిములు. పన్ను పీకితే పడే గాయం మానాలంటే అక్కడి ఎముక కరగాలి, కొత్తది పడాలి. ఆ పనే ఆగిపోయి ఉంటే గుంట పూడదు, పైకి తేలిన ఎముక చచ్చిపోతుంది. ఎనిమిది వారాలు దాటినా ఎముక అలా బయటికి కనబడుతూనే ఉంటే, ఆ మనిషి ఇలాంటి మందు వాడి ఉంటే, దవడకి కరెంటు వైద్యం ఏదీ జరగకుండా ఉంటే, అది ఈ జబ్బే అని తేలుస్తారట. ఆ మందు ఒకసారి ఎముకలోకి చేరితే ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది కూడా.

చాలా తక్కువమందికి వస్తుందని కూడా చెప్పింది. క్యాన్సర్ ఎముకలకి పాకినవాళ్లకి ఇదే సూది నెలనెలా వేస్తారు, వాళ్లలో నూటికి ఒకరిద్దరికి రావచ్చు. ఆరు నెలలకొకసారి వేసేవాళ్లలో ఇంకా తక్కువ. ఆ తక్కువలో మా అమ్మ పడింది.

"మరి ఈ పన్ను కదిలిందీ ఈ సూదివల్లనేనా?" అని అడిగాం. కోపానికి ఒక చోటు కావాలి కదా మాకు. ఆవిడ ఒప్పుకోలేదు. పన్ను కదలడానికి కారణం ఇదొక్కటే అని వేలెత్తి చూపలేనంది. వయసుంది, అడ్డపొగ ఉంది, ముందునుంచీ ఉన్న చిగుళ్ల జబ్బు ఉండొచ్చు. లెట్రోజోల్ వల్ల హార్మోను తగ్గి నోరు ఎండడం, చిగుళ్లు బలహీనపడడం కూడా ఉండొచ్చు. లాలాజలం తగ్గితే పళ్లు పాడవడం మామూలే. కానీ పీకిన చోటు మానకపోవడానికి మాత్రం సూదినే ముందు చూడాలంది. అమ్మ అడిగే ప్రశ్నకి అంతకన్నా నిజాయితీ అయిన జవాబు మాకింకెవరూ చెప్పలేదు. అమ్మ పళ్లని ఒక్కరే తినలేదు.

మా నడిమిది తర్వాత ఆశ్రమ పాఠశాల సెలవుల్లో దీని గురించి వెతికి చదివింది. ఈ మందులకీ దవడకీ ఉన్న సంబంధాన్ని 2003లో రాబర్ట్ మార్క్స్ అనే అమెరికా సర్జన్ రాశాకే లోకం పట్టించుకుందట. కానీ దవడ ఇలా చచ్చిపోవడం అంతకన్నా పాతది. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీల్లో తెల్ల భాస్వరం పొగ పీల్చి పనివాళ్ల దవడలు కుళ్లిపోయేవి. 1888లో లండన్‌లో అగ్గిపెట్టెల పిల్లలు సమ్మె చేశారు. వాళ్ల కష్టాల్లో ఈ దవడ జబ్బొకటి. ఎముకల సూది ఆ తెల్ల భాస్వరం కాదు, కానీ దాని జాతి మందుల పేరు బిస్ఫాస్ఫోనేట్లు. పేరులోనే భాస్వరం ఉంది. పొయ్యి దగ్గర ఈ సంగతి చదివి వినిపిస్తే అమ్మ, చుట్ట వెలిగించుకోబోతూ, అగ్గిపెట్టెని కాసేపు చేతిలో అటూ ఇటూ తిప్పి చూసింది.

జరగాల్సింది చిన్నదే. మొదటి సూదికి ముందు ఒకసారి పళ్ల డాక్టరు చూడాలి. కదిలేవీ, పుచ్చి దక్కనివీ ఉంటే ముందే తీసేసి, చిగురు మానాక అప్పుడు సూది మొదలుపెట్టాలి. మొదలయ్యాక పళ్లు శుభ్రం చేయించుకోవచ్చు, పుచ్చుకి సిమెంటు పెట్టించుకోవచ్చు, వేరు వైద్యం చేయించుకోవచ్చు. పీకించడం మాత్రం సూది వేసిన డాక్టరుకి చెప్పకుండా చేయకూడదు. ఇది తెలుసుకోవడానికి మాకు ఒక ఎముక ముక్క ఖర్చయింది. మా పెద్దదాని దగ్గర గర్భిణుల పుస్తకం ఉంది, టీబీ పుస్తకం ఉంది, దోమతెరల లెక్క ఉంది. అది రాత్రి వాటన్నిటినీ తిరగేసి చూసుకుంది. రొమ్ములో గడ్డ ఉంటే పంపమని ఉంది. అక్కడినుంచి తిరిగొచ్చినవాళ్ల పళ్లు చూడమని ఎక్కడా లేదు.

పళ్ల డాక్టరమ్మ మా ముందే క్యాన్సర్ డాక్టరుకి ఫోను చేసింది. నాలుగు నిమిషాలు మాట్లాడుకున్నారు. అంతవరకూ ఆ ఆసుపత్రికీ ఈ ఆసుపత్రికీ మధ్య తిరిగింది మేమే, నోరు మూసుకుని. ఎముకల సూది ఆపేశారు. మాత్ర ఆపొద్దన్నారు. రెండూ వేరువేరు మందులనీ, దవడని చంపింది మాత్ర కాదనీ అమ్మకి మూడుసార్లు చెప్పారు. అమ్మ మూడుసార్లూ తలూపి, బస్సెక్కాక "నిజమేనేటి?" అని మమ్మల్ని అడిగింది. మాత్ర మళ్లీ మింగడానికి బేరం పెట్టింది. చింతపిక్కలు దంచి పెడితే మింగుతానంది. అలా వచ్చింది రోలు మా ముగ్గురి చేతికి.

క్లోర్‌హెక్సిడిన్ నీళ్లు రోజూ పుక్కిలించడం, యాంటీబయోటిక్ మాత్రలు, ఎదురుచూడడం. వైద్యం అంతే. శ్రావణంలో ఒక పొద్దున్న అమ్మ పుక్కిలిస్తుంటే ఏదో గిన్నెలో టక్కుమంది. చచ్చిన ఎముక ముక్క, కందిబద్దంత ఉంటుంది, తేనె పట్టులా గుల్లగా ఉంది. పట్నం తీసుకెళ్తే మిగతా గరుకు అంచు డాక్టరమ్మ నునుపు చేసింది. భాద్రపదంలో కొర్ర కొత్త నాటికి చిగురు కప్పింది. ఆ రోజు అమ్మ మా వైపు తిరిగి కూర్చుని తింది, ఎడమ పక్కన నములుతూ. అడ్డపొగ మానలేదు. నిప్పు బయట పెట్టి తాగుతోంది. దాన్ని మేము గెలుపని రాయడం లేదు.

ఈ మధ్య చిన్నవాడు ఒక అట్టముక్క మీద తెలుగులో రాసి కాగితాల సంచికి ముందువైపు కుట్టాడు. ఏ మాత్ర, ఎప్పటినుంచి, ఎముకల సూదులు ఎన్ని, ఎప్పుడు, పన్ను పీకేముందు ఎవరికి ఫోను చేయాలి. రాసింది అమ్మకి చదివి వినిపించాం. 'ఆ జబ్బుకి వాడుతున్న మందులు' అని మొదలైంది. అమ్మ మధ్యలో ఆపింది.

"ఏ జబ్బో రాయలేదేటి?"

మేము ఒకరి మొహాలు ఒకరం చూసుకున్నాం.

"రొమ్ముకొచ్చినాది గదా. రొమ్మని రాయి."

చిన్నవాడు సంచి ఒళ్లో పెట్టుకుని పైన ఖాళీ ఉన్న చోట రాశాడు. నీలం పెన్ను సగంలో ఆగిపోతే, నడిమిది పిల్లల నోటుబుక్కులు దిద్దే ఎర్ర పెన్ను ఇచ్చింది.